మారథాను సాధనలోని మిట్టపల్లములు



మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల బాటలమీద తెల్లవాఱుజామున పరుగెత్తు యువకులను మీరందఱు చూచియే యుందురు. వారిలో పెక్కండ్రు పోలీసు కొలువునకై 1600 మీటర్ల పరుగు పరీక్షకు సిద్ధపడువారు. ఇటీవల మఱియొక విధమువారును కానవచ్చుచున్నారు. వీరు కొలువునకై కాక, మారథాను అను దీర్ఘధావనమును జీవితమున ఒక్కమాఱైనను ముగింపవలెనను కోరికతో నెలల తరబడి పాటుపడువారు. “చేనిలో పని లేదా, ఈ పరుగెందులకు?” అని ఇంటి పెద్దలు అడుగుట సహజమే. పరుగు మంచిదా, కాదా యని తర్కించుట నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము కాదు. ఆ నెలలలో పరుగెత్తువాని దేహమున ఏమి జరుగునో, ఒకనాడు లేడివలె దుముకువాడు మఱునాడు కుంటుచు ఇల్లు చేరుట కేమి కారణమో, అప్పుడు పెద్దలు ఏమనవలెనో, ఏమనరాదో, ఇదియే నేను విన్నవింపదలచిన విషయము.

మారథాను అనునది గ్రీసుదేశములోని ఒక మైదానము పేరు. క్రీస్తునకు పూర్వము 490లో అచ్చట ఏథెన్సువారు పారసీకులను జయించిరి. ఒక వార్తాహరుడు ఆ జయవార్తను నగరమునకు పరుగున తెచ్చి, చెప్పినంతనే ప్రాణములు విడిచెనని కథ. ప్రాచీన చరిత్రకారుడగు హెరోడోటసు ఈ కథను చెప్పలేదు. ఏథెన్సునుండి స్పార్టాకు సాయమడుగ పరుగెత్తిపోయిన వార్తాహరుని సంగతి మాత్రము వ్రాసెను. కథ యెట్లున్నను, 1896లో ఏథెన్సున జరిగిన ఒలింపిక్ క్రీడలలో సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టగా, నీళ్లు మోసి జీవించు స్పిరిడాన్ లూయీ అను గ్రీకు యువకుడు మూడు గంటలకు లోపలనే ముగించి గెలిచెను. 1908లో లండను క్రీడలలో ఆ దూరము 26 మైళ్ల 385 గజములయ్యెను; 1921లో అదియే శాశ్వతముగా నిర్ణయింపబడెను. నేటి కొలతలో 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన పెద్దల లెక్కలో మూడామడలు దాటును. మార్కాపురమున బయలుదేరినవాడు కంభము దాటి గిద్దలూరి త్రోవలో మఱికొంత దూరము పోవలెను.

దూరప్రయాణము మన సీమకు క్రొత్త కాదు. దోర్నాల మీదుగా నల్లమల యెక్కి కాలినడకను శ్రీశైల మల్లికార్జునుని సేవింపబోవు యాత్రికులను మన మెఱుగుదుము. కాని నడకకును పరుగునకును ఒక ముఖ్యభేదము కలదు. నడకలో ఒక పాదమైనను ఎల్లప్పుడు నేలను తాకియుండును. పరుగులో అడుగడుగునకు దేహమంతయు గాలిలోనికి లేచి, ఒంటికాలిమీద పడును. అట్లు పడినప్పుడు కాలిమీద దేహభారమునకు రెండు మూడింతల ఒత్తిడి కలుగును. 60 కిలోల బరువుగల మనుష్యుని ప్రతి యడుగు 120 కిలోలకు తక్కువగాని భారమును మోయవలెను. మారథాను ముగియులోపల ఇట్టి యడుగులు ఇంచుమించు 40 వేలు పడును. నడకయందు ఎంత గట్టివాడైనను, ఈ దెబ్బకు కాలిని వేఱుగా అలవఱచుకొనక తప్పదు.

ఈ అలవాటు కలుగు విధమును కొంచెము వివరింతును. వ్యాయామము బలమిచ్చునని మనము వాడుకగా అందుము. నిజమునకు వ్యాయామము ముందుగా అలసటను, స్వల్పమైన నలుగుబాటును కలిగించును. బలము తరువాతి విశ్రాంతిలోను, నిద్రలోను, ఆహారమువలనను కలుగును. శిథిలమైన గోడను బాగుచేయు తాపీపనివాడు ముందు పాత రాళ్లను ఊడదీసి, పిదప క్రొత్తవి పేర్చును గదా! ఎముకయు అట్లే తన్ను తాను సవరించుకొనును. అరిగిన భాగము ముందు తొలగును. క్రొత్త యెముక తరువాత మెల్లగా నిండును. ఈ రెంటి నడుమ కొన్ని వారములు ఆ చోటు బలహీనమై యుండును. అప్పుడే దూరము పెంచినయెడల ఎముకలో వెండ్రుకవంటి చీలిక యేర్పడవచ్చును.

ఇచ్చట నొక చిక్కు కలదు. గుండెయు, ఊపిరియు, కండలును కొలది వారములలోనే పరుగునకు అలవడును. ఎముకలకును, కండను ఎముకకు బంధించు త్రాళ్లవంటి నరములకును నెలలు పట్టును. కావున రెండవ నెలలో సాధకునకు ఆయాసము తీఱి, “ఇక నాకు అడ్డు లేదు” అను ఉత్సాహము పుట్టును. ఊపిరి ముందు నడచుచుండ ఎముక వెనుకబడి యుండు కాలమది. తఱచు దెబ్బలు తగులునది అప్పుడే.

నాయొద్ద చదివిన శిష్యుడొకడు హైదరాబాదు మారథానునకై ఇట్లు సాధన చేసెను. మార్కాపురము పలకలకు పేరుపొందిన యూరు గదా. అతడు ప్రతిదిన మెంత పరుగెత్తినది గోడకు వ్రేలాడు పలకమీద బలపముతో వ్రాయువాడు. మొదటి వారము దినమునకు 4 కిలోమీటర్లు, వారమునకు నాలుగు దినములు. ఆఱవ వారమునకు ఒక దినమున 14 కిలోమీటర్లు పరుగెత్తగలిగెను. ఆ సంతోషమున ఏడవ వారము ఒక్కసారిగా 21 పరుగెత్తెను. తరువాతి మూడు వారములు పలక ఖాళీ. మోకాటికి క్రింద ముందరి యెముకమీద ఒక్కచోట వ్రేలితో నొక్కిన కెవ్వుమనుచుండెను. ఇంటి తాతగారు, “పట్టుదల లేనివాడవు, మొదలుపెట్టినది ముగింపలేవు” అని యెత్తిపొడిచిరి. ఆ మాట పడలేక అతడు కుంటుచునే మరల బయలుదేఱబోయెను. వైద్యుడు వారింపబట్టి ఆగెను. మూడు వారములు విశ్రమించి, మొదటినుండి కాక సగమునుండి మెల్లగా ఎత్తుకొని, మఱుసటి యేట ఐదు గంటలు దాటిన పిమ్మట మారథాను ముగించెను. ఆ ఖాళీ పలకకూడ సాధనలో భాగమే యని ఇంటిలో నెవరికిని తెలియకపోవుటచేత, వాని కాలు విఱుగవలసినదే.

మఱి క్రమమైన సాధన యెట్లుండవలెను? అప్పటికే కొంత పరుగు అలవాటున్నవానికి సాధారణముగా 16 నుండి 20 వారములు పట్టును. వారమునకు మూడు నాలుగు దినములు పరుగు. అందొకటి మాత్రమే దీర్ఘము. ఆ దీర్ఘమైనదానిని కొంచెము కొంచెముగా పెంచుచు, మూడు వారములు పెంచి నాలుగవ వారము తగ్గింతురు. పెక్కండ్రు 30 లేక 32 కిలోమీటర్లవఱకే సాధనలో పరుగెత్తుదురు, మిగిలినది పోటీనాడే. వేగము విషయమున నియమము సులభము: ప్రక్కవానితో మాటలాడుచు పరుగెత్తగలిగినంత వేగమే చాలును. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును అర్ధశక్తితో చేయవలెనని విధించెను. నేటి శిక్షకులు చెప్పునదియు దానికి దగ్గఱగానే యున్నది.

దీర్ఘమైన పరుగులో 30 కిలోమీటర్ల ప్రాంతమున పలువురకు కాళ్లు సీసపు దిమ్మలగును, మనస్సు క్రుంగును. దీనికి కారణమును మన కంభము చెఱువుతో పోల్చి చెప్పుదును. తిన్న అన్నము, సంకటి మొదలగువానివలని పిండిపదార్థము కండలలోను, కాలేయమునందును నిలువ యుండును. అది చెఱువునీరువంటిది: తూము తీసినంతనే ధారాళముగా పాఱును గాని నిలువకు మితి కలదు. దేహమున నుండు క్రొవ్వు లోతైన బావి నీరువంటిది: ఎంతయో యున్నను మెల్లగా తోడవలెను. మొదట వేగముగా పరుగెత్తినవాడు చెఱువును త్వరగా ఖాళీచేసికొని, తరువాత బావినీటితో ఈడ్చుకొనివచ్చును. నెమ్మదిగా సాధన చేసిన దేహము బావినీటిని ముందునుండియే తోడుకొనుట నేర్చుకొని, చెఱువును పొదుపు చేయును. మెల్లని పరుగు సోమరితనము కాకపోవుటకు ఇదియే హేతువు.

కడపటి రెండు మూడు వారములలో పరుగును బాగుగా తగ్గింపవలెను. అప్పుడు సాధకునకు క్రొత్త గుబులు పట్టుకొనును. లేని నొప్పులు ఉన్నట్లు తోచును. నేర్చినదంతయు పోయెనని భయపడును. ఆ భయముచే చివరి వారమున మరల 30 కిలోమీటర్లు పరుగెత్తినవాడు అలసియే పోటీకి పోవును. రెండు వారముల తగ్గింపువలన నెలల కష్టము కఱగిపోదు.

ఇక మన ప్రాంతపు చిక్కులు. హైదరాబాదు మారథాను సాధారణముగా ఆగస్టు మాసమున జరుగును. దానికి సాధన ఏప్రిలులో మొదలై రోహిణికార్తె యెండల మీదుగా సాగవలెను. వేడికి దేహము అలవడుటకు 10 మొదలు 14 దినములు పట్టును; అంతవఱకు దూరమును తగ్గించుకొని సూర్యోదయమునకు ముందే ముగింపవలెను. పరుగెత్తువాడు తడబడుచు, పొంతనలేని మాటలాడినయెడల అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి, వీచుచు, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

నీటి విషయమున రెండు జాగ్రత్తలు. చెమటతో నీరేకాక ఉప్పును పోవును గనుక, దీర్ఘమైన పరుగు పిమ్మట ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి హితము. దప్పిని మించి వట్టినీరు కడవలకొలది త్రాగుటయు అపాయమే. రెండవది, మన పల్లెలలో పెక్కింటి బోరునీటిలో ఫ్లోరైడు మితిమీఱి యున్నది. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీరు త్రాగరాదు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. సాధకుడు తక్కినవారికంటె ఎక్కువ నీరు త్రాగును గనుక, వానికి శుద్ధిచేసిన నీరే ఈయవలెను. కీళ్లు బిగిసికొనుట పరుగువలననే యని యెంచక, నీటినికూడ శంకింపవలెను.

ఆడపిల్లలు పరుగెత్తుటను గూర్చి ఒకమాట. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మారథాను 1984లోనే ప్రవేశపెట్టబడెను. అంతకుముందు వారి దేహము దానికి తాళదని వాదించినవారు పలువురుండిరి. ఆ వాదము నిలువలేదు. కాని 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత యున్నది. అట్టి పిల్ల త్వరగా అలసినచో ఆమెను నిందింపక, రక్తపరీక్ష చేయించవలెను. రాగులు, పప్పులు, ఆకుకూరలు కడుపార పెట్టవలెను. పరుగెత్తుచు తిండి తగ్గించిన పిల్లకు నెలసరి నిలిచిపోయినయెడల, అది యెముకలకును కీడు మూడుచున్నదనుటకు సూచన. సిగ్గుపడక వైద్యురాలికి చూపవలెను.

ఏ నొప్పి ఓర్వదగినది, ఏది కాదు? రెండు కాళ్లకును సమానముగా పట్టి, రెండు మూడు దినములలో తగ్గునది కండల సలుపు. దానికి భయము లేదు. ఒక్కకాలికి, ఒక్కచోట, వ్రేలితో చూపదగినట్లుండి, పరుగెత్తుకొలది పెరుగునది, రాత్రి నిద్ర చెఱచునది వైద్యునకు చూపవలసినది. నొప్పి తెలియకుండ మాత్రలు మింగి పరుగెత్తుట మిక్కిలి చెడ్డది. చెమటతో నీరు తగ్గిన దేహమున ఆ మాత్రలు మూత్రపిండములను చెఱచగలవు. ఱొమ్మున నొప్పి గాని, స్పృహ తప్పుట గాని కలిగినచో ఆ దినముననే పరుగు మానవలెను.

మన వయస్సువారికి పరుగు తగునా యని మీరడుగవచ్చును. 1911లో జన్మించినట్లు చెప్పబడిన పంజాబు రైతు ఫౌజా సింగు 89వ యేట, 2000లో, లండనున తన మొదటి మారథాను ముగించెను. వైద్యుని సలహాతో, నడకతో మొదలిడినచో వయస్సు అడ్డు కాదని ఆయన జీవితము తెల్పుచున్నది. ఆయన 2025 జూలైలో స్వగ్రామమునొద్ద బాట దాటుచుండ వాహనము ఢీకొని మరణించెను. చీకటిలో పెద్ద బాటలమీద పరుగెత్తు మన పిల్లలకు తెల్లని బట్టలు తొడిగించి, వాహనముల కెదురుగా, బాట యంచున పరుగెత్తుమని చెప్పుట మీ విధి. నల్లమల యడవిదారిని వేకువను ఒంటరిగా పోనీయకుడు.

ఇంటిలో సాధకుడున్న పెద్దలారా! పరుగుకంటె విశ్రాంతిని కనిపెట్టుట మీకు సులభము. రాత్రి నిద్రపట్టినదా, ఆకలి యున్నదా, ఏ యొక్కచోటనైన నొప్పి యున్నదా అని ప్రతి సాయంకాలము అడుగుడు. మూటికిని సరియైన ఉత్తరము రాకున్న, “రేపు పరుగు వద్దు నాయనా, ఎల్లుండి చూతము” అనుడు. పిరికివాడని ఇతరులు నవ్వుదురను భయము మీ నోటి ఆ యొక్క మాటతో వానికి తీఱును.