షుగర్ ఉన్న పెద్దవాళ్లకి కరోనా వస్తే ఎందుకంత రిస్క్?

మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో షుగర్ ఉందా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే.

ముందు ఒక డౌట్ క్లియర్ చేద్దాం. షుగర్ ఉన్నంత మాత్రాన కరోనా తొందరగా అంటుకుంటుందని కాదు. అంటుకున్నాక సీరియస్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఇమ్యూనిటీ తగ్గుతుంది. పైగా రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే తెల్ల రక్తకణాలు సరిగ్గా పోరాడలేవు. రెండూ కలిస్తే డబుల్ దెబ్బ.

ఇన్ఫెక్షన్ వస్తే ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతాయి, వాటితోపాటు షుగరూ పెరుగుతుంది. అందుకే జ్వరంతో ఏమీ తినకపోయినా గ్లూకోమీటర్‌లో 300 కనిపించొచ్చు. "తినట్లేదు కదా" అని ఇన్సులిన్ మీరే ఆపేయకండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇక స్టెరాయిడ్లు. ఆక్సిజన్ అవసరమైన పేషెంట్లకి డెక్సామెథసోన్ ప్రాణం కాపాడగలదని 2020లో తేలింది. కానీ అదే మందు షుగర్‌ని పెంచేస్తుంది. 2021 సెకండ్ వేవ్‌లో మన దేశంలో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లే, చాలామంది స్టెరాయిడ్లు వాడినవాళ్లే. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే ప్రిస్క్రిప్షన్ చూసి మందులు కొనకండి.

మరి మనమేం చేయాలి? పెద్దవాళ్లకి కరోనా వస్తే షుగర్, ఆక్సిజన్ రీడింగ్స్ టైమ్‌తో సహా ఫోన్‌లో నోట్ చేయండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే, "ఆయాసం లేదు కదా" అని ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. మీకు జలుబు చేస్తే మాత్రం మాస్క్ లేకుండా తాతయ్య పక్కన కూర్చోవద్దు. మీకది రెండు రోజుల జలుబే, ఆయనకి కాకపోవచ్చు.