పుటలో పాఠానికి చోటు

తాళపత్రంపై గ్రంథం వ్రాసిన లేఖకునికి అక్షరం ఎంత ముఖ్యమో, అక్షరం చుట్టూ విడిచే ఖాళీ కూడా అంతే ముఖ్యం. తాటియాకుకు పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఆ కొద్దిపాటి వెడల్పులోనే పంక్తులను ఒకదాని క్రింద ఒకటి సర్దాలి. గుడులు, తలకట్లు పై పంక్తిని తాకరాదు; ఒత్తులు క్రింది పంక్తిపై పడరాదు. ఆకులను కట్టగా గుచ్చే త్రాటి కొరకు చేసిన రంధ్రం చుట్టూ కొంత చోటు వదలాలి. పై అంచునా, క్రింది అంచునా కొంత విడువకపోతే, ఆకు అంచు విరిగిననాడు అక్షరం కూడా విరిగిపోతుంది.

సీసపు అక్షరాలతో అచ్చు పని సాగిన కాలంలో ఈ బాధ్యత కంపోజిటరుకు సంక్రమించింది. అతడు పంక్తుల నడుమ పలుచని సీసపు బద్దలను ఉంచి ఎడం కల్పించేవాడు. శీర్షిక పుటలో అక్షరాలకు పైనా క్రిందా అచ్చుపడని దిమ్మెలను పేర్చి, అన్నింటినీ చట్రంలో బిగించేవాడు. ముద్రణశాలలో ఖాళీ కూడా చేతికి తగిలే వస్తువే. దానిని కొలిచి, ఎంచి, అమర్చవలసి ఉండేది.

నేడు ఆ పని కంప్యూటరులోని వర్డ్ ప్రాసెసర్ చేస్తున్నది. పంక్తిని ఎడమకు, కుడికి, నడుమకు చేర్చడం, రెండు అంచులకూ సమంగా సాగదీయడం మనలో చాలామందికి తెలుసు. ఇది అడ్డపు అమరిక. పుటలోని పాఠం మొత్తాన్ని పై అంచుకు, క్రింది అంచుకు, లేదా నట్టనడుమకు చేర్చే మరొక అమరిక ఉంది. ఇది నిలువు అమరిక. దీనిని ఎరిగినవారు తక్కువ. ఎరుగకపోవడం వల్ల కలిగే నష్టం నాకు స్వానుభవం.

ఒక అంకితం కథ

మన ప్రాచీన కవులకు కృతిని అంకితమివ్వడం ఒక మహత్కార్యం. తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి, పోతన తన భాగవతాన్ని శ్రీరామునికి అంకితం చేశారు. అవతారిక చివర షష్ఠ్యంతాలు చెప్పి కృతిపతిని కీర్తించిన తరువాతనే కథలోకి అడుగుపెట్టడం కావ్య మర్యాద. ఆ సాహిత్యాన్ని చదువుకున్నవాణ్ణి కావడం చేత, 2003లో నా తొలి వ్యాససంపుటిని అచ్చుకు సిద్ధం చేసినపుడు, అంకితం పుటపై ఎంతో శ్రద్ధ వహించాను. నాకు అక్షరాలు దిద్దించిన మా అమ్మకు ఆ పుస్తకం అంకితం. నాలుగే పంక్తులు. నాలుగవ పంక్తి ఆమె పేరు.

ఆ పంక్తులు పుట అడుగుభాగాన ఉండాలని నా కోరిక. అందుకు నేను అనుసరించిన మార్గం చాలా సులభమైనది. ఎంటర్ మీటను ఇరవై రెండుసార్లు నొక్కి, ఆ పైన నాలుగు పంక్తులూ వ్రాశాను. నా కంప్యూటరులో అది ముచ్చటగా ఉంది. ఫైలును ముద్రణాలయానికి ఇచ్చివచ్చాను. పుస్తకం వచ్చిన తరువాత చూస్తే అంకితం పుటలో మూడు పంక్తులే ఉన్నాయి. మా అమ్మ పేరు తరువాతి పుట పైభాగాన, విశాలమైన తెల్లదనం మధ్య ఒంటరిగా నిలిచి ఉంది. అప్పటికే అన్ని ప్రతులూ కుట్టి, అట్టలు వేశారు. పుస్తకం చేతికిచ్చినపుడు అమ్మ అంకితం చదివి, తన పేరు కొరకు వెదకి, పుట తిప్పి, "ఇక్కడున్నానా నాయనా!" అని నవ్వింది. ఆమె నవ్వింది గాని నేను నవ్వలేకపోయాను.

ఎందుకిలా జరిగిందో తరువాత లెక్క వేసుకున్నాను. పుట ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు. వర్డ్ ప్రాసెసర్ కొలమానంలో అంగుళానికి 72 పాయింట్లు. అనగా మొత్తం 612 పాయింట్లు. పైనా క్రిందా ముప్పావు అంగుళం చొప్పున అంచు వదిలితే, పాఠానికి మిగిలేది 504 పాయింట్లు. నా కంప్యూటరులో ఒక్కొక్క పంక్తి 18 పాయింట్ల ఎత్తు ఉంది. ఇరవై రెండు ఖాళీ పంక్తులు, నాలుగు అక్షరాల పంక్తులు కలిసి ఇరవై ఆరు. వాటి ఎత్తు 468 పాయింట్లు. కనుక పుటలో ఇమిడాయి. ముద్రణాలయంలోని కంప్యూటరులో నేను వాడిన ఫాంటు లేదు. దాని స్థానంలో వచ్చిన ఫాంటులో పంక్తి ఎత్తు 20 పాయింట్లు. ఇరవై ఆరు పంక్తులకు 520 పాయింట్లు కావాలి. ఉన్నవి 504. ఇరవై అయిదు పంక్తులు ఇమిడాయి. ఇరవై ఆరవది మా అమ్మ పేరు.

తప్పు ఫాంటుది కాదు. ఖాళీ పంక్తి ఖాళీగా కనిపించినా, అది కూడా ఒక పంక్తే. ఫాంటు మారినా, అక్షరం పెరిగినా, అంచు మారినా దాని ఎత్తూ మారుతుంది. నా మనసులో ఉన్నది "పుట అడుగున ఉంచు" అనే కోరిక. నేను యంత్రానికి చెప్పినదేమో "ఇరవై రెండు పంక్తులు దిగు" అని. యంత్రం నేను చెప్పినట్లే చేసింది.

నాలుగు విధాలైన అమరిక

కోరికను కోరికగానే చెప్పడానికి మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో వర్టికల్ అలైన్‌మెంట్ అనే సౌకర్యం ఉంది. అది నాలుగు విధాలు.

మొదటిది టాప్. పాఠం పై అంచు నుండి మొదలవుతుంది. మనం ఏమీ చెప్పకపోతే వర్డ్ దీనినే పాటిస్తుంది. వ్యాసాలకు, కథలకు, ఉత్తరాలకు ఇదే తగినది.

రెండవది సెంటర్. పాఠం పుట నడుమకు చేరుతుంది. పైన చెప్పిన పుటలోనే ఎనిమిది పంక్తుల శీర్షికను 18 పాయింట్ల చొప్పున ఉంచామనుకొందాం. దాని ఎత్తు 144 పాయింట్లు. మిగిలిన 360 పాయింట్లను వర్డ్ సగం చేసి, పైన 180, క్రింద 180 విడుస్తుంది. శీర్షికకు మరి రెండు పంక్తులు చేరిస్తే, పైనా క్రిందా 162 చొప్పున తానే సవరించుకుంటుంది. మనం మళ్ళీ లెక్కించనక్కరలేదు. శీర్షిక పుటలకు, ఆహ్వానపత్రాలకు, ప్రశంసాపత్రాలకు ఇది అనువైనది.

మూడవది జస్టిఫైడ్. పుటలో మిగిలిన కొద్దిపాటి ఖాళీని పాఠం నడుమ పంచి, మొదటి పంక్తిని పై అంచుకూ, చివరి పంక్తిని క్రింది అంచుకూ చేరుస్తుంది. పుస్తకం తెరచినపుడు ఎదురెదురు పుటలు ఒకే మట్టాన ముగియడానికి ఇది తోడ్పడుతుంది. ఇది నిండు పుటలకే వర్తిస్తుంది; సగమే నిండిన పుటలో పాఠం పై అంచుకే అంటి ఉంటుంది.

నాలుగవది బాటమ్. పాఠం చివరి పంక్తి క్రింది అంచుపై ఆనుకొని నిలుస్తుంది. నా అంకితం పుటకు కావలసినది ఇదే. పంక్తి ఎత్తు 18 పాయింట్లయినా, 20 పాయింట్లయినా ఆ నాలుగు పంక్తులూ కలిసికట్టుగా పుట అడుగుననే ఉండేవి.

అమర్చే పద్ధతి

2003 నాటి వర్డ్‌లోనూ, అంతకు ముందరి వాటిలోనూ ఫైల్ పట్టిక తెరచి, పేజ్ సెటప్ ఎంచుకోవలసి ఉండేది. 2007లో పట్టికల స్థానంలో రిబ్బన్ వచ్చింది. నాటి నుండి పేజ్ లేఅవుట్ అనే శీర్షిక క్రింద, తరువాతి కాలంలో లేఅవుట్ అనే శీర్షిక క్రింద పేజ్ సెటప్ వర్గం ఉంటుంది. ఆ వర్గం కుడివైపు అడుగుమూలన చిన్న బాణపు గుర్తు ఉంది. దానిని నొక్కితే ఒక పెట్టె తెరచుకుంటుంది. అందులో లేఅవుట్ అనే పలకను ఎంచుకుంటే వర్టికల్ అలైన్‌మెంట్ కనిపిస్తుంది. నాలుగింటిలో కావలసిన దానిని ఎంచుకోవాలి.

అయితే ఓకే నొక్కే ముందు అదే పెట్టెలోని అప్లై టు అనే భాగాన్ని తప్పక చూడాలి. ఈ అమరిక ఎంతమేరకు వర్తించాలో అది నిర్ణయిస్తుంది. పత్రం మొత్తానికి అని చెబితే, శీర్షిక పుటతో పాటు ప్రతి పుటా నడుమకు చేరుతుంది. నిండు పుటల్లో ఆ తేడా తెలియదు. అధ్యాయం చివర సగమే నిండిన పుట మాత్రం పైనా క్రిందా ఆధారం లేనట్లు మధ్యలో తేలుతుంది.

విభాగాల అవసరం

ఒక్క పుటకు మాత్రమే వేరు అమరిక కావాలంటే ఆ పుటను వేరు విభాగంగా చేయాలి. వర్డ్‌లో నిలువు అమరిక విభాగానికి చెందిన గుణం. శీర్షిక పుట చివర కర్సర్ ఉంచి, లేఅవుట్ క్రింద ఉన్న బ్రేక్స్ నొక్కి, సెక్షన్ బ్రేకులలో నెక్స్ట్ పేజ్ ఎంచుకోవాలి. అక్కడితో మొదటి విభాగం ముగిసి, క్రొత్త పుటలో రెండవ విభాగం మొదలవుతుంది. తిరిగి శీర్షిక పుటలోకి వచ్చి, పైన చెప్పిన పద్ధతిలో సెంటర్ ఎంచుకొని, ఈ విభాగానికి మాత్రమే అని సూచించాలి. కంట్రోల్, ఎంటర్ మీటలను కలిపి నొక్కితే వచ్చేది పుట విరామమే. విభాగ విరామం కాదు. ఈ భేదం గుర్తుంచుకోవాలి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. విభాగపు అమరిక దాని చివర ఉన్న విరామచిహ్నంలోనే నిక్షిప్తమై ఉంటుంది. ఆ చిహ్నాన్ని చెరిపివేస్తే రెండు విభాగాలూ కలిసిపోయి, ముందరి భాగం తరువాతి భాగపు అమరికను పొందుతుంది. ఇది మొదటిది. పాఠం చివర అనుకోకుండా మిగిలిపోయిన ఖాళీ పంక్తులు కూడా పాఠంలో భాగంగానే లెక్కకు వస్తాయి. అందువల్ల శీర్షిక నడుమకన్నా పైకి జరిగినట్లు తోస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, 8 మీటలను కలిపి నొక్కితే దాగి ఉన్న గుర్తులన్నీ కనబడతాయి. అక్కరలేని వాటిని తొలగించవచ్చు. ఇది రెండవది. నిలువు అమరికను తెరపై సరిగా చూడాలంటే ప్రింట్ లేఅవుట్ అనే దృశ్యంలో ఉండాలి. డ్రాఫ్ట్ దృశ్యంలో అది కనిపించదు. ఇది మూడవది.

లెక్క ప్రకారం సరిగా నడుమన ఉన్న పాఠం కంటికి కొంచెం క్రిందికి దిగినట్లు కనిపిస్తుంది. అందుకే శీర్షికను నట్టనడుమకన్నా కొద్దిగా పైన ఉంచడం ముద్రణకళలో వాడుక. ఇందుకోసం ఎంటర్ మీటను ఆశ్రయించరాదు. ఆ విభాగంలో క్రింది అంచును అర అంగుళం పెంచితే, పాఠం పావు అంగుళం పైకి జరుగుతుంది. బాటమ్ ఎంచుకున్న పుటలో క్రింది అంచును అర అంగుళం పెంచితే పాఠం అర అంగుళమే పైకి లేస్తుంది.

తెలుగు లిపికి తగిన ఎడం

తెలుగులో వ్రాసేవారు మరొక విషయాన్ని గమనించాలి. మన లిపి అడ్డంగా సాగుతూనే నిలువుగా కూడా పెరుగుతుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో సకారం, దానికి రెండు ఒత్తులు, పైన దీర్ఘపు గుడి ఉన్నాయి. ఆంగ్లాక్షరాలకు చాలిన పంక్తి ఎత్తు దీనికి చాలకపోవచ్చు. పేరాగ్రాఫ్ పెట్టెలో లైన్ స్పేసింగ్ వద్ద ఎగ్జాక్ట్‌లీ అని ఎంచుకొని తక్కువ కొలత ఇస్తే, అక్షరాల పైభాగాలు తెగిపోవచ్చు. ఒత్తులు క్రింది పంక్తి గుడులను ఒరుసుకోవచ్చు. ఎట్ లీస్ట్ అని ఎంచుకుంటే, చెప్పిన కొలతకు తగ్గకుండా, అవసరమైనచోట పంక్తి తనంత తానే పెరుగుతుంది. తాళపత్ర లేఖకుడు కంటితో చేసిన పని ఇదే.

పత్రాన్ని మరొక కంప్యూటరుకు పంపవలసివచ్చినపుడు ఫాంటులను ఇమిడ్చి పీడీఎఫ్‌గా మార్చి పంపడం మేలు. అది పుటను ఉన్నదున్నట్లు కాపాడుతుంది. కాని దిద్దుబాట్లు ఎప్పుడూ మూల పత్రంలోనే జరుగుతాయి. మూలంలో అమరిక నియమబద్ధంగా లేకపోతే, ఒక్క పంక్తి చేర్చిన ప్రతిసారీ చిక్కు మొదటికే వస్తుంది.

మీరు రేపు కళాశాలలో ప్రాజెక్టు నివేదిక సమర్పిస్తారు; ఉద్యోగానికి దరఖాస్తు పంపుతారు; ఇంట్లో శుభకార్యానికి ఆహ్వానపత్రం కూర్చుతారు. వాటిలో ఎవరో ఒకరి పేరు గౌరవంగా నిలువవలసిన చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటును మీటల నొక్కుళ్ళతో అంచనా వేయక, మీ ఉద్దేశాన్నే యంత్రానికి స్పష్టంగా చెప్పండి. ఎన్ని మార్పులు చేసినా అది ఆ చోటును కాపాడుతుంది.

2011లో నా పుస్తకం రెండవసారి అచ్చయింది. అంకితం పుటను వేరు విభాగంగా చేసి, బాటమ్ అని ఎంచుకున్నాను. ముద్రణాలయం మారింది, ఫాంటు కూడా మారింది. నాలుగు పంక్తులూ ఒక్కచోటనే ఉన్నాయి. అమ్మ పుస్తకం అందుకొని, అంకితం చదివి, తన పేరుపై వ్రేలు ఉంచి, "ఈసారి పుట తిప్పే పని లేదన్నమాట" అన్నది. అప్పుడు మాత్రం ఇద్దరమూ నవ్వుకున్నాం.