ఉప్పునీటి గాలానికి తేలికపాటి రీలు: కొనేముందు చూడాల్సినవి

దాళ్వా కోతలు అయిపోయాయి. మళ్లీ నారుమళ్లు పోసేదాకా చేతిలో పెద్ద పని ఉండదు. ఉప్పుటేళ్ల వెంబడి, మొగల దగ్గర ఉండే చిన్న, సన్నకారు రైతులు ఈ రోజుల్లో సాయంత్రం పూట గాలం పట్టుకుని గట్టెక్కడం మామూలే. ఒక పండుగప్ప పడిందంటే ఇంట్లోకి కూర, మిగిలితే నాలుగు డబ్బులు. చేతి తంగూసు బదులు రీలు బిగించిన కర్ర వాడేవాళ్లూ పెరిగారు. అయితే కొన్న ఏడాది తిరక్కుండానే రీలు బిగుసుకుపోయి అటకెక్కుతోందని చాలామంది వాపోతున్నారు.

నేనూ ఆ దెబ్బ తిన్నవాణ్ణే. 'పెద్ద రీలయితే పెద్ద చేప' అన్న కొట్టువాడి మాట నమ్మి అరకిలో పైన బరువున్న రీలు కొన్నాను. గంట విసిరేసరికి మణికట్టు లాగేసింది. వేటయ్యాక కడగకుండా గోనెసంచిలో పెట్టేవాణ్ణి. ఒక వర్షాకాలం గడిచేసరికి పిడి తిరగడం మానేసింది. తప్పు రీలుది కొంత, నాది చాలా. పొలం పెట్టుబడిలోంచి తీసిన డబ్బు అలా ఉప్పు పాలు కాకూడదంటే కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి.

రీలు పనిచేసే తీరు

స్పిన్నింగు రీలులో దారం చుట్టిన బుడ్డి (స్పూలు) గుండ్రంగా తిరగదు. దాని చుట్టూ ఒక కమ్మి తిరుగుతూ దారాన్ని చుడుతుంది. విసిరేటప్పుడు కమ్మి ఎత్తేస్తే దారం బుడ్డి అంచు మీదుగా జారిపోతుంది. అందుకే తేలికపాటి ఎర కూడా దూరంగా పడుతుంది. ఇంగ్లండులో జౌళి మిల్లు యజమాని ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ ఈ రకం రీలుకు 1905లో పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో కండె మీద నుంచి నూలు జారే తీరు చూసినవాడికి ఈ ఆలోచన రావడంలో వింత లేదు.

బరువు ఎంత ఉండాలి?

రీలు మీద 2500, 3000, 4000 అని నెంబర్లుంటాయి. నెంబరు పెరిగేకొద్దీ రీలు పెద్దదవుతుంది. కంపెనీని బట్టి కొలతలో తేడా ఉంటుంది కాబట్టి నెంబరు ఒక్కటే చూడక, చేత్తో ఎత్తి చూడండి. గట్టు మీద నుంచి రెండు మూడు కిలోల పండుగప్ప, పార, జెల్ల పట్టడానికి ఏడెనిమిది అడుగుల కర్ర, 3000 లేదా 4000 నెంబరు రీలు చాలు. వీటి బరువు సుమారు 230 నుంచి 300 గ్రాములు ఉంటుంది. 6000 నెంబరు రీళ్లు అరకిలో దాకా తూగుతాయి. అవి పెద్ద అలల్లో, పడవ మీద పెద్ద చేపలకు పనికొస్తాయి. మన కాలువ గట్టుకు దండగ.

ఒళ్లు దేనితో చేసింది?

తేలిక పేరుతో మూడు రకాలు అమ్ముతున్నారు. గ్రాఫైటు కలిపిన ప్లాస్టిక్ ఒంటికి తుప్పు పట్టదు, ధరా తక్కువ. కానీ గట్టిగా లాగినప్పుడు ఒళ్లు కాస్త వంగి, లోపల పళ్లచక్రాలు ఒరుసుకుంటాయి. అల్యూమినియం గట్టిది, కొంచెం బరువు. పై పూత చెదరనంత కాలం ఉప్పుకు బాగానే ఆగుతుంది. మెగ్నీషియం అన్నిటికన్నా తేలిక, ఖరీదూ ఎక్కువే. అయితే పూత ఎక్కడ గీసుకుపోతే అక్కడ ఉప్పు త్వరగా తినేస్తుంది. గట్టు మీద రాళ్లకు తగిలించే మనబోటివాళ్లకు మొదటి రెండే నయం. ఒళ్లు ప్లాస్టిక్ అయినా నడిమి ఇరుసు, స్క్రూలు స్టెయిన్‌లెస్‌వేనా అని అడగండి. తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది.

బేరింగుల లెక్కకు మోసపోవద్దు

డబ్బా మీద 'పది బేరింగులు', 'పదమూడు బేరింగులు' అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఉప్పునీటిలో బేరింగు ఎంత ఎక్కువైతే తుప్పు పట్టే చోట్లు అంత ఎక్కువ. నీరు చొరబడకుండా సీలు వేసిన నాలుగైదు మంచి బేరింగులే మేలు. ముఖ్యంగా కమ్మి చివర దారం ఒరుసుకునే చిన్న రోలరు చూడండి. తడిసిన దారం ఎప్పుడూ దాని మీదుగానే వస్తుంది కాబట్టి తరచుగా ముందు చెడేది అదే. అది తిరగడం మానేస్తే దారం కోసుకుపోతుంది.

బిగింపు ఎంత?

చేప గుంజినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలే ఏర్పాటును డ్రాగు అంటారు. స్పూలు మీది మరతో దీన్ని బిగిస్తారు. దారం ఆగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బిగిస్తే చాలు. ఎనిమిది కిలోలు ఆగే దారమైతే రెండు కిలోలకు కాస్త పైన. దారం చివర స్ప్రింగు కాటాకు కట్టి లాగి చూస్తే తెలిసిపోతుంది. డబ్బా మీద 'పది కిలోల డ్రాగు' అని ఉన్నా మనకు అక్కర్లేదు. ఎంత గట్టిగా పట్టిందని కాదు, కుదుపు లేకుండా ఎంత సాఫీగా వదిలిందన్నదే చూడాలి.

తంగూసా, అల్లిక దారమా?

ఒకే బరువు ఆగే దారాల్లో అల్లిక దారం తంగూసు కన్నా చాలా సన్నం. కనుక చిన్న రీలులో కూడా చాలా పొడవు పడుతుంది. తేలిక రీలుతో పని జరగడానికి ఇదొక కారణం. అయితే దీన్ని నేరుగా స్పూలుకు చుడితే జారుతుంది. అడుగున కొన్ని చుట్లు తంగూసు వేసి దాని మీద చుట్టండి. రాళ్ల అంచులకు అల్లిక దారం త్వరగా తెగుతుంది, ధర కూడా ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్లు 0.35 మి.మీ. తంగూసుతో మొదలుపెట్టడం మంచిది. ఏ దారమైనా గాలం దగ్గర రెండు మూరల పొడవున 0.60 మి.మీ. మందం తంగూసు కట్టాలి. పండుగప్ప మొప్పల అంచు కత్తిలా ఉండి సన్న దారాన్ని కోసేస్తుంది.

కొట్లో చేయాల్సిన పరీక్షలు

* పిడిని నెమ్మదిగా తిప్పండి. గరగరమన్నా, ఒకచోట బరువెక్కినా వద్దు.
* పిడిని పట్టుకుని పక్కలకు ఊపండి. లొడలొడలాడితే లోపల వదులున్నట్టే.
* కమ్మిని పదిసార్లు ఎత్తి మూయండి. ప్రతిసారీ టక్కున పడాలి.
* డ్రాగు కొంచెం బిగించి దారం లాగండి. జర్కులు లేకుండా రావాలి.
* మీ కర్ర వెంట తీసుకెళ్లి రీలు బిగించి చూడండి. పట్టుకున్న చోట కర్ర ఎటూ వాలకుండా నిలిస్తే చెయ్యి నొప్పి పుట్టదు.
* కమ్మి స్ప్రింగు, రోలరు, పిడి విడిగా దొరుకుతాయా అని అడగండి. విడిభాగాలు దొరకని రీలు ఎంత చౌకైనా ఖరీదే.

వాడిన తర్వాత

రీలు ఎన్నాళ్లు మన్నుతుందన్నది పెట్టిన ధర కన్నా, ఇంటికొచ్చాక పోసే రెండు చెంబుల మంచినీళ్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. వేట నుంచి రాగానే డ్రాగు బిగించి, పై నుంచి సన్నధారగా నీళ్లు పోయండి. పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. బకెట్లో ముంచడం కూడా తప్పే. ఇంకో మాట, తీర గ్రామాల్లో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే కడగనట్టే లెక్క. తాగేనీళ్లో, కాలువనీళ్లో వాడండి.

తర్వాత గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. ఆరాక డ్రాగు వదులు చేయండి. బిగించే ఉంచితే లోపలి బిళ్లలు అణిగిపోతాయి. పది పదిహేను రోజులకోసారి రోలరు, కమ్మి కీళ్లు, పిడి కీలుకు ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, బంకలా తయారవుతుంది. కిరసనాయిలు అసలే వద్దు, లోపలి గ్రీజును కడిగేస్తుంది. డ్రాగు బిళ్లలకు నూనె తగలనీయొద్దు. ఇసుక మీద రీలు పెట్టకండి, ఉప్పు కన్నా అది చేటు. ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చాలి. విప్పడం తెలియకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి.

చివరిగా

అప్పు చేసి ఖరీదైన రీలు కొనకండి. ముందు రెండు మూడు వేల లోపు రీలుతో ఒక కాలం వాడి, కడగడం అలవాటయ్యాక పెద్దదాని సంగతి ఆలోచించొచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో మర పడవెక్కి గాలం వేయడానికి పోవద్దు. ఏ కాలంలోనైనా చిన్న పిల్ల పడితే బతికుండగానే నీళ్లలో వదిలేయండి. ఉరుము వినబడితే కర్ర కింద పెట్టి ఇంటిదారి పట్టండి. కార్బను కర్రలో కరెంటు పారుతుంది. చేప రేపైనా పడుతుంది.