బలపపురాయి పుట్టుక

పలకపై అక్షరాలు దిద్దించే బలపం, పులుసు కాచే రాచిప్ప, ముఖానికి అద్దుకొనే పౌడరు – ఈ మూడింటికీ మూలద్రవ్యం టాల్కు అనే ఖనిజం. ఈ పేరు అరబీ భాషలోని ‘తల్ఖ్’ శబ్దం నుండి లాటిను ద్వారా ఐరోపా భాషలకు చేరింది. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో దీని స్థానం 1. గోటితో గీసినా గీత పడుతుంది. ఇంత మెత్తని పదార్థం కఠినశిలల నడుమ ఎట్లు జనించింది?

టాల్కులో మెగ్నీషియం, సిలికా, నీరు కలసి ఉంటాయి. సున్నపురాయికి దగ్గరి చుట్టమైన డోలమైటు శిలలో కాల్షియంతోపాటు మెగ్నీషియం సమృద్ధిగా కలదు. భూగర్భంలోని వేడినీరు సిలికాను కరిగించుకొని పగుళ్ల గుండా డోలమైటులోనికి ప్రవేశించినప్పుడు రసాయనిక చర్య మొదలవుతుంది. మూడు పాళ్ల డోలమైటు, నాలుగు పాళ్ల సిలికా, ఒక పాలు నీరు కలసి ఒక పాలు టాల్కును, మూడేసి పాళ్ల కాల్సైటును, బొగ్గుపులుసు వాయువును ఇస్తాయి. ఇవి తూకపు పాళ్లు కావు, అణువుల లెక్క. ఆ వాయువు వెలుపలికి పోయే దారి ఉండాలి; అది అక్కడే పేరుకొంటే టాల్కు నిలువదు. ఫ్రాన్సులోని పిరెనీస్ పర్వతాలలో, సుమారు 1,700 మీటర్ల ఎత్తున గల త్రిమూన్ గనిలోని డోలమైటు దాదాపు 10 కోట్ల సంవత్సరాల క్రితం, సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఇట్లే టాల్కుగా మారింది.

మన రాయలసీమలో ఆ వేడిని తెచ్చినది శిలాద్రవం. అది వేంపల్లె డోలమైటు పొరల నడుమకు చొచ్చుకొనివచ్చి డోలరైటు శిలగా గడ్డకట్టింది. ఆ రెండు శిలలు కలిసే అంచులలో బలపపురాయి కనబడుతుంది. అయితే పులివెందుల ప్రాంతంలో అట్టి అంచులలోనే క్రైసోటైలు అనే రాతినార కూడ ఏర్పడింది. సిలికా కొరవడితే టాల్కుకు బదులు సర్పెంటైను వర్గపు ఖనిజాలు పుడతాయి. క్రైసోటైలు వాటిలో ఒకటి. వేడి మరింత పెరిగితే టాల్కు, కాల్సైటు కలసి ట్రెమొలైటుగా మారుతాయి. అది కొన్నిచోట్ల నారవలె పెరుగుతుంది.

ఈ రాతినార పోగులు శ్వాసతో ఊపిరితిత్తులలో చేరితే క్యాన్సరుకు దారితీయగలవు. టాల్కు సైతం మానవులలో బహుశా క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2024లో ప్రకటించింది. కనుక తెల్లదనాన్ని, నునుపును చూచి పొడి మంచిదని నిర్ణయింపరాదు. అది ఏ శిలలో, ఎంత వేడిలో, ఏ ఖనిజాల సరసన పుట్టిందో గని వద్దనే పరిశీలించాలి; సూక్ష్మదర్శినితో పరీక్షించాలి. రాతి పుట్టుకను గూర్చిన జ్ఞానం ఆ రాతిని తవ్వే కూలీకి, ఆ పొడిని వాడే పసిబిడ్డకు కూడ రక్ష.