సూర్యరశ్మికి తూము

మంజీరా నదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరం మాక్లూరు పరిసరాల రైతు బిడ్డలకు కొత్త పేరు కాదు. వాననీటిని వేసవికి దాచేది జలాశయమే అయినా, దానిని ఎప్పుడు ఎంత వదలవలెనో నిర్ణయమయ్యేది తూము దగ్గర. తూము అదుపు తప్పితే కాలువ చివరి పొలం ఎండుతుంది. సౌరవిద్యుత్తు విషయంలోనూ ఇంతే. మనకు ఎండకు కొదవ లేదు. పగటి శక్తిని రాత్రికి దాచే బ్యాటరీలూ బజారులో లభిస్తున్నవి. ఈ రెంటి నడుమ తూము వంటి నియంత్రణ సాధనం ఎట్లు పనిచేయునో విద్యార్థి మిత్రులకు వివరింప దలచినాము.

దాని మొదటి పని సౌరఫలకాల నుండి గరిష్ఠశక్తిని రాబట్టడం. విద్యుచ్ఛక్తి అనగా వోల్టేజి, కరెంటుల లబ్ధం. వోల్టేజి మరీ పెరిగితే కరెంటు పడిపోతుంది; మరీ తగ్గితే లబ్ధమే చిన్నదవుతుంది. నడుమ ఒకచోట లబ్ధం అత్యధికంగా ఉంటుంది. మబ్బు కమ్మినా, ఫలకం వేడెక్కినా ఆ చోటు జరుగుతుంది. సాధనం వోల్టేజిని కొద్దికొద్దిగా మార్చి చూస్తూ దానిని వెన్నంటి పోతుంది.

రెండవది బ్యాటరీ రక్షణ. 12 వోల్టుల సీసపు బ్యాటరీని సుమారు 14.4 వోల్టుల వద్ద నింపి, పిదప కరెంటును తగ్గించవలెను. లేనిచో అందలి నీరు వాయువులుగా విడిపోతుంది. మాటిమాటికి సగానికి దిగువగా వాడితే బ్యాటరీ ఆయువు తరుగుతుంది.

లెక్క కొరకు ఒక పఠనమందిరాన్ని ఊహింతము. 20 వాట్ల దీపాలు పది. 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,800 వాట్-గంటల శక్తి ఉన్నది. అందులో సగం, అనగా 900 మాత్రమే వాడదగినది. సాయంత్రం ఆరు నుండి అన్ని దీపాలూ వెలిగిస్తే పదిన్నరకే చీకటి. తొమ్మిది తరువాత ఐదు దీపాలే ఉంచితే, నష్టాలను లెక్కింపనిచో, అదే బ్యాటరీ అర్ధరాత్రి వరకు చదివిస్తుంది. శక్తి పెరగలేదు; నియంత్రణ మారినది.

మూడవది ప్రాణరక్షణ. ఊరి లైనులో కరెంటు పోయినప్పుడు మన కప్పు మీది విద్యుత్తు అందులోకి ప్రవహిస్తే, మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు ప్రాణాపాయం. కావున లైనుకు కలిపిన ఇన్వర్టర్ తక్షణమే ఆగిపోవలెను. ఎండ కాస్తున్నా ఇంట్లో దీపం వెలుగని కారణమిదే. బ్యాటరీ గల ప్రత్యేక ఇన్వర్టరైతే ముందుగా ఇంటిని లైను నుండి వేరుచేసి, పిదప దీపాలకు విద్యుత్తునిస్తుంది.

పెద్ద వ్యవస్థలకూ ఇదే సూత్రం. దేశపు విద్యుత్ జాలంలో పౌనఃపున్యం 50 హెర్ట్జుల దాపున నిలువవలెను. ఉత్పత్తి వాడుకకు చాలనిచో అది పడిపోతుంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని 150 మెగావాట్ల ఆరు యంత్రాలు నీటితో విద్యుత్తు తీయగలవు. మిగులు విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి తోడనూగలవు. సౌర, పవన విద్యుత్తులను ఇట్టి నీటి నిల్వతో జోడించే నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ది 5,230 మెగావాట్ల పథకానికి 2022 మే 17న శంకుస్థాపన జరిగినది.

కళాశాల సంఘ పెద్దలకు మా విన్నపమొక్కటే. సౌరఫలకాలు కొనునాడు వాటి ధరతో పాటు, కరెంటు పోయిన రాత్రి ఏ దీపం ముందు ఆరవలెను, ఏది చివరి వరకు వెలుగవలెను అనునది కూడ ముందే నిర్ణయింపుడు. పరీక్షల వేళ పఠనమందిరపు దీపం ఆ చివరిది కావలెనని మా కోరిక.