మీకు తెలుసా? కారు పరుగు ఫొటోలోనూ కనిపించాలంటే...

రేపల్లె–బాపట్ల మధ్య 216వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే, ఆ లోపల కారు కదిలేది 1.7 సెంటీమీటర్లే. అందుకే ఫొటోలో అది రోడ్డు పక్కన ఆపిన బండిలా ఉంటుంది. సెకనులో 30వ వంతు తెరిస్తే కదలిక అర మీటరు దాటుతుంది.

కారు చెరిగిపోకుండా ఉండాలంటే అప్పుడు కెమెరాను కారుతో పాటే తిప్పాలి. దీన్ని ప్యానింగ్ అంటారు. పాదాలు కదపకుండా నడుము తిప్పాలి, బటన్ నొక్కాక కూడా ఆపకూడదు. కుదిరిందా, నంబరు ప్లేటు చదవగలిగేలా వస్తుంది, చక్రాలు గిర్రున తిరుగుతుంటాయి, వెనక తాటిచెట్లు, వరిచేలు అడ్డగీతలైపోతాయి. పదింటిలో ఒకటి కుదిరినా పండగే! మిట్టమధ్యాహ్నం ఫోన్‌తో షట్టర్‌ను ఇంతసేపు తెరిచి తీస్తే బొమ్మ తెల్లగా వెలిసిపోతుంది, పొద్దు వాలాక ప్రయత్నించండి.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం కదా, అసలు ప్యారిస్ ఉన్న ఫ్రాన్సులోనే జాక్ ఆన్రీ లార్తీగ్ అనే ఫొటోగ్రాఫర్ వందేళ్ల కిందట ఒక రేసు కారును ఇలా తీశాడు. చక్రం ముందుకు వాలిన కోడిగుడ్డులా వచ్చింది, జనం వెనక్కి ఒరిగినట్టు వచ్చారు. ఆ షట్టర్ సన్నని చీలికలా జరుగుతూ బొమ్మను వరుస తర్వాత వరుసగా పట్టింది, కెమెరా తిరిగిన వేగమేమో కారుకు చాలలేదు. మన ఫోన్ కెమెరాలూ చాలావరకు బొమ్మను వరుసలుగానే పట్టుకుంటాయి. తెనాలి–రేపల్లె రైలు కిటికీలోంచి తీసిన ఫొటోలో దగ్గరి స్తంభాలు ఒరిగి కనిపించేది అందుకే.