నొప్పికి అడ్డుకట్ట – మార్ఫిన్

ముల్లు గుచ్చుకునేది కాలికే అయినా, 'అబ్బా' అనిపించేది మెదడు. ఆ కబురు నరాల గుండా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరితేనే నొప్పి తెలుస్తుంది. మార్ఫిన్ గాయాన్ని మాన్పదు, కబురును ఆపుతుంది.

నరకణాలపై ఓపియాయిడ్ గ్రాహకాలుంటాయని 1973లో రుజువైంది. గసగసాల మొక్క పాలకు సరిపోయే తాళం మన ఒంట్లో ఎందుకుంది? 1975లో జవాబు దొరికింది. మెదడే ఎన్‌కెఫలిన్లనే సొంత మందు తయారుచేసుకుంటుంది. మార్ఫిన్ మారుతాళం చెవి అన్నమాట! అది అతుక్కోగానే కణంలోకి కాల్షియం రాక తగ్గి, కబురు మోసే రసాయనాల విడుదల తగ్గుతుంది. పొటాషియం బయటికి పోయి అవతలి కణమూ మందగిస్తుంది.

ఇవే గ్రాహకాలు పేగుల్లో ఉన్నాయి, అందుకే మలబద్ధకం. శ్వాసను నడిపే చోటా ఉన్నాయి, మోతాదు మించితే ఊపిరే ఆగవచ్చు.

మా పెదనాన్నకు క్యాన్సర్ ముదిరాక డాక్టరు ఈ మాత్రలు రాస్తే, "నల్లమందు, అలవాటైపోతుంది" అని ఇంట్లో వేయనివ్వలేదు. రాత్రంతా మూలిగేవారు. మత్తుకు మింగడం వేరు, డాక్టరు లెక్కగట్టి ఇచ్చింది వేసుకోవడం వేరు. ఒళ్లు మందుకు అలవాటుపడే మాట నిజమే, అందుకే ఉన్నట్టుండి మానకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి నొప్పి చూడటానికే పాలియేటివ్ కేర్ విభాగం ఉంది.